సారు గీసిన గీతలు

మాల్దీవుల్లో నాతో పాటు సైన్సు చెప్పిన మా ఎల్లారెడ్డి ఊరి సారు జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు ఉండేది. సెలవు రోజున పడవెక్కి ఏ దీవికి వెళ్లినా, ముందు అక్కడి గోడకు చెమ్మ ఎంతదాకా ఎక్కిందో చూసి గీత గీసేవారు. జనం వదిలేసి పోయిన ఒక దీవిలో, పాడుపడ్డ బడి గోడ మీద ఆ గీత ఆయన మోకాలి దాకా వచ్చింది.

"ఇది గిక్కడ ఆగేటిది కాదు తమ్మీ. మన ఎంబడే వస్తది," అన్నారు. నేను నవ్వాను.

ఇద్దరం ఊళ్లకు తిరిగొచ్చేశాక, నిరుడు ఎండాకాలంలో సారు చనిపోయారని తెలిసి మా కామారెడ్డి నుంచి ఆయన ఊరు ఎల్లారెడ్డికి వెళ్లాను. వాడలో బోర్లన్నీ ఎండిపోయాయి. వాళ్ల ముందుగది గోడ మీద మాత్రం ఒకదానిపై ఒకటి గీతలు. ఛాతీ ఎత్తున ఉన్న ఆఖరి గీతను దాటి చెమ్మ పైకి పాకింది.

"రోజు పొద్దుగాల లేసి గీసేటోడు. ఆయన పోయినంక గూడ ఎక్కుతనే ఉన్నది తమ్మీ," అంది సారు భార్య, మా వదిన.

వేలితో తాకి నాలుకకు రాసుకున్నాను. సముద్రపు ఉప్పు.

ఇంటికి రాగానే మా గోడలు చూసుకున్నాను. గడప పక్కన బెత్తెడు ఎత్తున చెమ్మ. చాక్‌పీసు కోసం ఇల్లంతా వెతికాను.