ఖలాస్ అన్న మాట

గల్ఫులో, ఈ ఫుజైరాలో ఖలాస్ అనకుండా పూట గడవదు. పని ముగిసినా ఖలాస్, బియ్యం నిండుకున్నా ఖలాస్, మనిషి పోయినా ఖలాసే. మన 'అయిపోయింది'కి ఏమాత్రం తీసిపోదు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు తగిలించినవాడు ఎవడో గానీ, శాంతిప్రియ కొంప ముంచాడు.

అమలాపురం దగ్గర పల్లె ఆమెది. చిన్న పళ్ళాసుపత్రిలో ఈజిప్టు డాక్టరుకి చేతిసాయం. ఆయనకి తెలుగు రాదు, ఈమెకి అరబ్బీ అంతంతమాత్రం. రోజంతా 'కానియ్' అనడానికి యల్లా, ఖలాస్‌లతోనే నెట్టుకొచ్చేవాళ్ళు.

ఆమెని ఇక్కడికి రప్పించింది మాణిక్యాంబ. వరసకి పిన్ని, అరబ్బుల ఇంట్లో వంటమనిషి. మనవాళ్ళ చర్చి ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఆవిడే. కరోనా ఏడు స్నానాల గదిలో జారిపడి ముందు పన్ను చిగుళ్ళ దాకా విరిగింది. మాస్కులున్నన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. మాస్కులు తీసేశాక పాట ఎత్తుకుంటే 'స్తోత్రం' కాస్తా 'త్తోత్రం' అయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ వారం నుంచి ఆవిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వెనక బల్ల మీదే కూర్చుంది. ఆ పాట కూడా లేకపోతే పాపం ఆవిడకి ఈ దేశంలో ఇంకేముంది?

శాంతిప్రియ బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. వేరు గట్టిగా ఉందన్నాడాయన. రూట్ కెనాల్ చేసి, వేరు లోపలి కాలవలో పుల్లలాంటి పోస్టు దించి జిగురుతో అంటించి, దాని మీద పన్ను కడతానన్నాడు. అయితే అంటించే ముందు కాలవ శుభ్రంగా కడగాలి. గోడలకి పాత మందు జిడ్డు మిగిలితే జిగురు పట్టదు.

పోస్టు వేసే రోజున కాలవ తొలిచి, రెండు మందులతో కడగమని చెప్పి ఆయన పక్క గదిలో పేషెంటు దగ్గరికి వెళ్ళాడు. శాంతిప్రియ మొదటి మందుతో కడిగింది. జిడ్డు వదిలించే రెండో మందు సీసా ఎత్తితే ఖాళీ. అంతలో డాక్టరు తిరిగొచ్చాడు.

"ఖలాస్?"

"ఖలాస్," అంది, మందు నిండుకుందని.

కడగడం అయిందనుకుని ఆయన కాలవ ఆరబెట్టి జిగురు అందుకున్నాడు.

అప్పుడైనా నోరు విప్పాలా వద్దా! బయట జనం కిటకిటలాడుతున్నారు, డాక్టరుది ముక్కుమీద కోపం. ఒక్కసారికి ఏం కాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఏం కాదులే అనుకున్నవే మన నెత్తికి చుట్టుకుంటాయి.

పన్ను కట్టించుకున్నాక మాణిక్యాంబ మళ్ళీ ముందుకొచ్చి 'స్తోత్రం' అని గొంతెత్తింది. ఆ వారం శాంతిప్రియ ఏడుపు ఆపుకోలేకపోయింది. వేసవి దాటకుండానే పోస్టు కదిలింది. పాట పోతుందన్న భయంతో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నాలుకతో అదిమిపెట్టుకుని పాడుతూ వచ్చింది. కదిలే పోస్టు మేకులా దిగి వేరుని నిలువునా చీల్చింది. ఎక్స్‌రే చూసి డాక్టరు పెదవి విరిచాడు. పీకెయ్యాల్సిందే. కొత్త పన్నంటే మళ్ళీ ఎన్నో రాకపోకలు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ భార్య ఇక ఆసుపత్రి పేరెత్తితే ఊరుకోనంది.

పీకే రోజున కూడా పళ్ళెం పట్టుకుంది శాంతిప్రియే. మాణిక్యాంబ ఆమె చెయ్యి నిమిరింది.

"నాదే తప్పు అమ్మడూ. ఆ వేళ చెకోడీ కొరికాను."

శాంతిప్రియకి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"చెకోడీ కాదు పిన్నీ. నేనే. పోస్టేసిన రోజు కడిగే మందు అయిపోయింది. డాక్టరుగారికి చెప్పలేదు."

మాణిక్యాంబ ఆమె మొహంలోకి చూసింది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

పన్ను వచ్చేసింది. దూది కరిపించి, డాక్టరు చేతులు కడుక్కుంటూ, రక్తం ఆగిందా అన్నట్టు అటునుంచే అడిగాడు.

"ఖలాస్?"

శాంతిప్రియ పళ్ళెంలో పన్ను వైపే చూస్తూ నిలబడింది. మాణిక్యాంబ దూది తీసి, ఆమె వైపు చూడకుండా తనే జవాబిచ్చింది.

"ఖలాత్."