కరెంటుకు లేచిన పాదం

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఫిజియోథెరపీ పూర్తిచేసి బళ్ళారి గాంధీనగర్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో పనికి కుదిరిన ఏడాదే నాయన కుడి పాదం వాలిపోయింది. మిరప కోతల్లో రోజుల తరబడి గొంతుకూర్చుని పనిచేయడం వల్ల మోకాలి పక్క ఎముక మీదుగా దిగే నరం నలిగింది. నడిస్తే వేళ్లు నేలను రాసుకునేవి. ఆ పాదం మళ్లీ లేస్తుందో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు.

ఒక ఆదివారం క్లినిక్‌లో నరాలకు సన్నగా కరెంటు తగిలించే చిన్న మిషను, స్టిమ్యులేటర్‌ను అడిగి తీసుకుని మా ఊరు కెంచనగుడ్డకు వెళ్లాను. నరం నలిగిన చోటుకు కాస్త దిగువన తడి ప్యాడు ఆనించి, కరెంటు కొద్దికొద్దిగా పెంచాను. మొదట చీమలు పాకినట్టుందన్నాడు నాయన. ఇంకొంచెం పెంచగానే పాదం టక్కున లేచింది.

"లేసింది! నా బిడ్డ లేపింది!" అని అమ్మ చేతులు జోడించింది.

చూడ్డానికి గుమిగూడిన ఇరుగుపొరుగులో, గడపలో నిలబడ్డ పక్కింటి పెద్దాయన ఊరుకోలేదు. "ఏమప్పా, కరెంటు తీసేస్తే మళ్లా పడిపోతాదా ఏంది? మనూర్లో కరెంటుండేదే అంతంత మాత్రం!"

అందరూ నవ్వారు. ఆయన ప్రశ్నకు సరైన జవాబు "అవును". నా చదువు అంతమంది కంటికి మొదటిసారి కనిపిస్తున్న క్షణమది. నేను ఆ మాట చెప్పలేదు.

మూడో రోజున నాయన, కాలు బాగైందన్న నమ్మకంతో, పాదాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ విప్పేసి కాలువ గట్టు మీద నడిచాడు. వేళ్లు మడతపడి ముందుకు పడ్డాడు. గడ్డం పగిలింది.

కబురు తెలిసి వెళ్లి, ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పాను. "ఆ పొద్దు కాలు లేపింది నువ్వు గాదు నాయనా, మిషను. నలిగిన చోటుకు కింద నరమూ కండా బాగుండాయని తెలిసింది, అంతే. నువ్వు లెయ్యమంటే ఆ మాట ఇంగా కిందికి దిగడంల్యా."

ఆయన దాన్ని పొలంలోని మోటారుతో పోల్చుకున్నాడు. "అంటే, స్టార్టర్ చెడిపోయింటే మోటారుకు డైరెక్ట్ ఇచ్చినట్టు. మోటారు తిరుగుతాది. స్టార్టర్ బాగైనట్టు గాదు."

"అంతే నాయనా."

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నాకు అర్థం గాకపోవునా పాపా?"

నేను ప్లాస్టిక్ పట్టీ తెచ్చి ఆయన కాలికి మళ్లీ కట్టాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, కరెంటు తగిలే క్షణంలోనే నాయనను కూడా పాదాన్ని లేపడానికి ప్రయత్నించమనేదాన్ని. చివరికి మిషను ఆపి, ఇప్పుడు నీ అంతట నువ్వే లేపమనేదాన్ని. కరెంటుకు లేచే పాదం ఆయన సంకల్పానికి కదిలేది కాదు. వారాలు గడిచాయి. ఒక ఆదివారం మిషను ఆపాక, కండ ఏమాత్రం బిగిసినా తెలియాలని చీలమండ ముందు వేలు ఆనించి ఉంచాను. ఆయన కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఊపిరి బిగపట్టాడు. పాదం కదలలేదు. చర్మం కింద మాత్రం సన్నని తాడు బిగిసి సడలినట్టు అనిపించింది.

"వచ్చెనా?" అన్నాడు.

"వేలికి ఏందో తగిలింది నాయనా. అదేనని గట్టిగా చెప్పలేను."



"సరే, వేలు తియ్యద్దు. ఇంగోసారి చూస్తాం," అన్నాడు.