నాకు ఇమ్యూనిటీ తక్కువని ఎవరన్నారు?

ఆ ఉదయం టికెట్ మిషన్ నొక్కబోతే వేలు వంగలేదు. బస్సు బహదూర్‌పురా దాటింది. లోపల కాలు పెట్టే సందు లేదు. ఎడమచేతి బొటనవేలితో ఎలాగో నొక్కుతూ ఆ ట్రిప్పు ముగించాను. మధ్యాహ్నానికి వేళ్లు వాటంతటవే కదిలాయి. మర్నాడు లేచేసరికి మళ్లీ బిగుసుకుపోయాయి.

నా పేరు రూతు. సిటీ బస్సు కండక్టర్ని. మాదన్నపేటలో ఉంటాం. నా పనంతా వేళ్లతోనే, నిలబడే కాళ్లతోనే. కొన్నాళ్లకు మణికట్లు వాచాయి, పాదాలు కూడా వాచాయి. చన్నీళ్లలో బట్టలు ఉతకడం వల్లేనని మా ఆయన తేల్చేశాడు. బస్తీ దవాఖానాలో నొప్పి గోళీలిచ్చారు. వాటితో పని జరగక పెద్దాసుపత్రికి వెళ్తే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అని రక్తపరీక్షలు చేయించారు. రెండూ పాజిటివ్.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది ఆటోఇమ్యూన్ జబ్బు. మీ ఇమ్యూన్ సిస్టమ్ మీ కీళ్ల మీదే దాడి చేస్తోంది" అన్నారు డాక్టరమ్మ. మెథోట్రెక్సేట్ రాసి, వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు అని నాచేత రెండుసార్లు చెప్పించారు. ఆ మందు ఒక్కోసారి లివర్‌ను దెబ్బతీస్తుందట, అందుకని తరచూ ఎల్ఎఫ్‌టీ అనే లివర్ పరీక్ష చేయించాలన్నారు.

డిపోలో ఏమైందని అడిగితే ఇమ్యూనిటీ జబ్బని చెప్పాను. అంతే, నాకు ఇమ్యూనిటీ తక్కువైందని అందరూ తీర్మానించేశారు. పసుపు ఒకరు తెచ్చారు, తులసి ఒకరు, ఏవో పొడులు ఇంకొకరు. మేనేజర్ సారైతే బస్సు దిగి డిపోలో కూర్చునే పని తీసుకోమని సలహా ఇచ్చారు. మంచికే చెప్పారు. కానీ నాకు ఒళ్లు మండింది. ఆడదానివి, బస్సులో ఏం నెగ్గుకొస్తావన్న వాళ్ల ముందు ఇన్నేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం. వేళ్లు వాచాయని దిగిపోతానా?

మా బస్సు డ్రైవర్ యాదగిరన్నది ధూల్‌పేట్. డ్రైవర్, కండక్టర్ లాస్ట్ స్టాప్‌లో ఒకే ఫ్లాస్కులో చాయ్ పోసుకుని తాగడం మా అలవాటు. చాయ్ కలిసి తాగలేదంటే ఇద్దరికీ లొల్లి అయిందని డిపో అంతటికీ తెలిసిపోతుంది. నా జబ్బు సంగతి విన్నాక ఆ ఫ్లాస్కులోకి కషాయం వచ్చింది. వాళ్ల గోడ మీద పాకిన తిప్పతీగను అల్లం, మిరియాలు వేసి వాళ్లావిడ అనసూయ మరిగించేది.

"తాగు చెల్లె, ఇమ్యూనిటీ మస్తు పెరుగుతది" అనేవాడు అన్న.

చేదుకు గొంతు దిగేది కాదు. అయినా అన్న చేతి గ్లాసు కదా, కాదనకుండా తాగాను. మెథోట్రెక్సేట్‌కు వాపులు తగ్గుతుంటే ఆ పేరు కూడా కషాయమే కొట్టేసింది.

కొన్ని నెలలకు ఎల్ఎఫ్‌టీలో, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ బాగా పెరిగింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగారు. లేదన్నాను. పసుపు పచ్చగా ఉన్న నా కళ్లకేసి చూసి, పోనీ ఇంట్లో ఏం తాగుతున్నారన్నారు. అప్పుడు చెప్పాను.

"ఇన్ని నెలలూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు మందులడిగిండ్రు మేడమ్. చాయ్ అడగలే."

ఆమె నా చీటీ మీద కషాయం అని రాసుకున్నారు. తర్వాత, నిజమే, అడగలేదన్నారు. తిప్పతీగ ఇమ్యూనిటీని రేపుతుందంటారు, మీది ఇప్పటికే రేగి ఉంది, పైగా కొందరికి దానివల్ల లివర్ దెబ్బతిన్న సంగతులున్నాయి అని వివరించారు. గోళీ వల్ల అయిందో, తీగ వల్ల అయిందో ఇప్పుడే తేల్చలేనని, రెండూ ఆపించారు.

మందు ఆగేసరికి జబ్బు నా మీద పగ తీర్చుకుంది. జాకెట్ హుక్కు పెట్టుకోలేను. తల మా ఆయనే దువ్వేవాడు. సిక్ లీవు పెట్టి ఇంట్లో పడి ఉన్నాను. ఏడ్చాను కూడా, బాధకన్నా కోపంతో.

ఒకరోజు యాదగిరన్న చూడ్డానికొచ్చాడు, ఫ్లాస్కుతోనే. డాక్టరమ్మ మాటలు చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"మా ఇంటి తీగ నీకు విషమైందా చెల్లె? కరోనల మా అమ్మ దీంతోనే లేసి కూసున్నది. నీ గోళీలే చేసినయేమో?"

అది డాక్టరమ్మ కూడా ఇంకా తేల్చలేదన్నాను. ఆయన గ్లాసులో పోసి అందించాడు. వేళ్లు ముడవక రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాను. ఒక్క గుక్క తాగితే ఆయన మనసు నొచ్చేది కాదు. గ్లాసు కింద పెట్టేశాను.

"చెయ్యి మంచిగైనంక నీ చాయ్ తాగుత అన్నా. ఇది మాత్రం తాగ."

ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమంతా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. అయినా కబురు పంపలేదు.

లివర్ కుదుటపడ్డాక డాక్టరమ్మ మెథోట్రెక్సేట్ తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టి, మెల్లగా పాత డోసుకు తెచ్చారు. కషాయం చుక్క ముట్టలేదు. ఈసారి ఎస్‌జీపీటీ పెరగలేదు, ఆ తర్వాతి పరీక్షల్లోనూ పెరగలేదు. యాదగిరన్న ప్రశ్నకు జవాబు దొరికింది, చేసింది గోళీలు కాదు. వేళ్లు మెల్లగా మళ్లీ వంగాయి. పిడికిలి బిగించి చూపిస్తే డాక్టరమ్మ డ్యూటీకి ఫిట్ అని రాశారు.

మొదటిరోజు యాదగిరన్న దారి పొడుగునా పలకలేదు. లాస్ట్ స్టాప్‌లో ఇంజన్ ఆపి ఫ్లాస్కు తీశాడు. నేను వద్దనడానికి నోరు తెరిచాను. గ్లాసులో పడింది పాల చాయ్.

"అనసూయ అల్లం గూడ ఎయ్యలే. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఒంటిచేత్తో అందుకున్నాను. ఆయన చాయ్ వైపు చూడలేదు, నా వేళ్ల వైపే చూశాడు.

ఇప్పటికీ పొద్దున్నే వేళ్లు మొరాయిస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి దారికి తెచ్చుకుని డ్యూటీకెక్కుతాను. డిపోలో కూర్చునే పని ఇంకా ఖాళీగానే ఉంది, ఉండనీ. మొన్న ఓపీ బయట లైన్లో కూర్చుని విన్నాను, డాక్టరమ్మ ఇప్పుడు ప్రతి ఒక్కరినీ గ్లాసులో పోసుకుని ఏం తాగుతున్నారని అడుగుతున్నారు. మీ డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఆకైనా, తీగైనా, పొడైనా, ఎంత ప్రేమగా ఇచ్చినదైనా సరే, చూపించాకే తాగండి.

బస్సులో నా వేళ్లు చూసి రోజూ ఎవరో ఒకరు కషాయం చెప్పడం మొదలుపెడతారు. టికెట్ చేతిలో పెట్టి నేననేది ఒకటే మాట: "జర ముందుకు జరుగుండ్రి."