అక్క పేరుతో చదివిన అయిదేళ్లు

బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, పొద్దున్నే ఇద్దరు టీచర్లు చేతుల్లో ఫోన్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చారు. అరుగు మీద కూర్చుని, ఈ ఏడు ఆరో తరగతికి హైస్కూలుకు పోవలసిన నా మనవరాలి వివరాలు ఫోన్లో వెతికి, పాప ఈ ఊళ్లో లేదని తేల్చారు. అప్పటికి ఆ పాపే వాళ్లకు మంచినీళ్ల చెంబు అందిస్తూ ఎదురుగా నిలబడి ఉంది.

"అవ్వా, పాప తాడిపత్రిలో చదువుతాన్నట్టు చూపిస్తాంది" అంది వాళ్లలో చిన్న టీచరమ్మ.

"ఏమమ్మా, పాప ఈడ నీకు నీళ్లిస్తాంటే, తాడిపత్రిలో చదివేది ఎవురు? దాని దయ్యమా?" అన్నాను.

సంగతేమిటంటే, నా కూతురూ అల్లుడూ రెండేళ్లు తాడిపత్రిలో బండల పాలిషు మిల్లులో పనిచేసి, దుమ్ముకు అల్లుడికి దగ్గు పట్టుకుంటే నిరుడు ఊరికి వచ్చేశారు. పాప అయిదో తరగతి ఇక్కడే చదివింది, పరీక్షలూ ఇక్కడే రాసింది. కానీ కంప్యూటర్లో దాని పేరు మాత్రం అక్కడే ఉండిపోయిందట. అక్కడివాళ్లు వదిలితేగాని ఇక్కడ ఎక్కదట. ఆ బడినేమో ఇంకో బడిలో కలిపేశారట, వదలవలసినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదట. పేరు ఎక్కేదాకా పాపకు సర్కారు ఇచ్చే సంచీ లేదు, బూట్లు లేవు, పుస్తకాలు లేవు. ఇదంతా ఓపికగా చెప్పి, లేవబోతూ ఆ టీచరమ్మ ఒక మాట అంది: "ఇప్పటికైతే పోయి కూర్చోనీ అవ్వా. పేరు నిదానంగా మారుద్దాం."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే మార్చమని, మార్చేదాకా అరుగు దిగొద్దని గట్టిగా కేకలు వేశాను. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. పాపం, ఆ టీచరమ్మ బిత్తరపోయింది. నా కోపం ఆమె మీద కాదని, ఆ మాట మీదనేనని, ఆ మాట నేను ఆరేళ్ల వయసులోనే విన్నానని ఆమెకేం తెలుసు?

మా పుట్టినూరు గోరంట్ల దారిలో ఒక పల్లె. అప్పట్లో మా బడంటే ఒకే గది, ఒకే అయ్యవారు. ఈ కాలంలో బడి తెరుస్తున్నారంటే ఫోన్లు తెస్తున్నారుగానీ, ఆ కాలంలో ఊరు ఊరంతా బడి మిద్దె ఎక్కేది. మట్టి మిద్దె కదా, తొలకరి పడకముందే చెరువు పక్క నుంచి చౌడు మన్ను తెచ్చి పైన పరిచి తొక్కకపోతే వాన చుక్క చుక్కా పలక మీదే పడేది. ఆడవాళ్లు పేడతో అలికేవాళ్లు. మా వీధి సాయిబు మామ గోడలకు సున్నం కొట్టేవాడు. పిల్లలం బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నూరి నల్లబల్లకు పూసేవాళ్లం. ఆ ఆకు వాసన మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, నాకు మాత్రం జూన్ నెలంటే ఇప్పటికీ అదే వాసన. ఇంట్లో అదే రోజుల్లో విత్తనపు శెనక్కాయలు ఒలిచే పని ఉండేది. ఒలిచి ఒలిచి బొటనవేళ్లు వాచిపోతే, ఆ వేళ్లతో బలపం పట్టుకోలేక ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

నేను బడిలో చేరవలసిన ఏడాది వాన లేదు. నాయన మమ్మల్నందర్నీ బళ్లారి పక్క నాట్లకు తీసుకుపోయి, వినాయక చవితి దాటాక తిరిగి తెచ్చాడు. అప్పటికి చేర్పులు అయిపోయాయి. నేను మాత్రం అయ్యవారి గుమ్మం ముందు కూర్చుని లేవలేదట, అమ్మ చెప్పేది. అయ్యవారు చెడ్డవాడు కాదు. హాజరు పట్టీ తిరగేసి, ఒక పేరు దగ్గర వేలు పెట్టాడు. అది మా పెదనాయన కూతురి పేరు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆ జూన్‌లో అయ్యవారు ఊరంతా తిరిగి పేర్లు రాసుకున్నప్పుడు దాని పేరూ రాసుకుంటే, పట్టుమని పది రోజులైనా రాకుండా పెదనాయన గొర్రెల వెంట పోయింది. ఆడపిల్లలు తక్కువైతే పైవాళ్లు అడుగుతారని అయ్యవారు దాని పేరు కొట్టెయ్యలేదు.

"ఇప్పటికి మీ అక్క పేరు పిలిస్తే నువ్వు పలుకు పాపా. వచ్చే జూన్‌లో నీ పేరు రాస్తాలే" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి నేను అక్కనైపోయాను. తోటి పిల్లలకు ఇదొక ఆట. అయ్యవారు ఆ పేరు పిలవగానే నేను పలికితే, వెనకనుంచి ఎవరో ఒకరు గొర్రెలా అరిచేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది. పేరు ఎవరిదైతేనేం, అక్షరాలు మాత్రం నా చేతికే వస్తున్నాయి కదా అనుకునేదాన్ని. అంత చిన్న బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది?

మరుసటి జూన్‌లో కొత్త పట్టీ వచ్చింది. అయ్యవారు ఎర్ర సిరాతో గీతలు గీసి, పాత పట్టీ చూసి కొత్త దాంట్లోకి పేర్లు ఎక్కిస్తుంటే, నేను పక్కనే నిలబడి నా పేరు రాయమని అడిగాను. ఆయన కలం ఆపి, రాస్తాను గానీ కొత్తగా చేరినట్టు రాస్తే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలి, నా జతపిల్లలంతా రెండో తరగతికి పోతారు, ఏది కావాలో చెప్పమన్నాడు. రెండో తరగతే కావాలన్నాను. ఎవరి మీద ఎంత కోపం వచ్చినా, ఈ ఒక్కచోట మాత్రం నా మీద నాకే వస్తుంది. అడిగినవాడు పెద్దవాడు, చెప్పినదాన్ని ఏడేళ్లదాన్ని. అయినా నోరు నాదే కదా.

ఆ తర్వాతి జూన్‌కు ఆ అయ్యవారు బదిలీ అయ్యాడు. కొత్తాయన పాత పట్టీలో ఏముంటే అది చూసి రాసుకున్నాడు. నేను చెప్పబోతే, పరీక్షలయ్యాక చూద్దామన్నాడు. ఆ మరుసటి జూన్‌లో తనిఖీ ఉంది, ఇప్పుడు కాదన్నాడు. ఏటా మిద్దె మీద మన్ను మారేది, గోడకు సున్నం మారేది, పట్టీ మారేది. నా పేరు ఒక్కటే మారేది కాదు. గోడకు సున్నం కొడుతూ ఇదంతా వింటుండే సాయిబు మామ ఒకసారి కుంచె పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "గట్టిగ అడుగు పాపా. కాయితం మింద పడిండేదే పేరు, నోట్లో ఉండేది పేరు కాదు" అన్నాడు. ఆయనకు సంతకం కూడా రాదు. ఊళ్లో ఆ సంగతి అర్థమైనవాడు ఆయనొక్కడే.

అయిదో తరగతి అయ్యేసరికి, బడిలో నాకంటే గుండ్రంగా రాసేవాళ్లు లేరని ఆ కొత్త అయ్యవారే నాయనతో చెప్పి, గోరంట్ల హైస్కూల్లో చేర్చమన్నాడు. నాయన చేనికి తొలి దుక్కి వేసి, ఎద్దుల్ని కట్టేసి, నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చి టీసీ తీసుకున్నాడు. దాన్ని మడతపెట్టి తలగుడ్డలో దోపుకుంటే, దారిలో అడిగి తీసుకుని చదివాను. అక్క పేరు. పుట్టిన తేదీ అక్కది. తండ్రి పేరు దగ్గర మా నాయన పేరు కూడా లేదు, పెదనాయన పేరు ఉంది. చదవడం రాని నాయనకు నేనే చదివి వినిపించాను. ఆయన నడిదారిలోనే మళ్లీ బడి వైపు తిరిగాడు.

"ఏమప్పా, అయిదేండ్లు నోరు మూసుకోని ఇప్పుడొచ్చి మార్చమంటే యట్లా? నా ఉద్యోగం పోతాది" అన్నాడు అయ్యవారు.

"నీ ఉద్యోగం పోతాది, సరే సామీ. నా బిడ్డది ఏమీ పోదా?" అన్నాడు నాయన. అంతకంటే మాట్లాడటం ఆయనకు రాదు.

పోనీ, అక్క పేరుతోనే హైస్కూల్లో కూర్చోబెడదామని నాయన పెదనాయన దగ్గరికి పోయాడు. ఆ నెలలోనే అక్క పెళ్లి. సంబంధం కొత్తచెరువు వాళ్లది. పెదనాయన వింటూనే లేచాడు. "పెండ్లయి కొత్తచెరువుకు పోయిన పిల్ల గోరంట్ల బడిలో కూచోనుందంటే వియ్యంకులు ఏమనుకుంటార్రా? నా బిడ్డ కాపురం చెడగొడతావా నువ్వు?" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాటా న్యాయమే. ఒకే పేరు అత్తింట్లోనూ బడిలోనూ ఎలా ఉంటుంది? కానీ నాయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. పేరు మీదే కదా, మీరే పెట్టుకోండని ఆ కాగితాన్ని పెదనాయన వాకిట్లోకి విసిరేసి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు.

దారి ఇంకొకటి ఉంది, నా పేరుతో మళ్లీ ఒకటో తరగతిలో చేరడం. పోయాను కూడా. ఒకే ఒక్క రోజు. పదకొండేళ్లదాన్ని, సన్నగా పొడుగ్గా ఉండేదాన్ని, అలికిన నేల మీద పసిపిల్లల వరసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే, పక్కన ముక్కు కారుతున్న ఒక చంటిది నన్ను తేరిపార చూసి, "ఏమక్కా, నువ్వు కొత్త ఐవారమ్మవా?" అని అడిగింది. గదంతా నవ్వింది. మధ్యాహ్నానికి నేను శెనక్కాయల చేన్లో ఉన్నాను. మళ్లీ పోలేదు. ఆ నవ్వును ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో అని, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

అక్క మాత్రం ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టుకుని అత్తింటికి పోయింది. కొన్నేళ్లకు అక్కడ ఆడపిల్లల హాస్టల్లో ఆయా పనికి అయిదో తరగతి పాసైనవాళ్లు కావాలంటే, అది చూపించి చేరింది. నేనూ మా ఊరి దగ్గర అలాంటి పనికే పోతే, చదువుకున్నట్టు కాగితం లేదని వెనక్కి పంపారు. అదీ వరస. ఒక్క అక్షరం రానిది చదువుకున్నదయింది, అక్షరాలన్నీ వచ్చినదాన్ని చదువు లేనిదాన్నయ్యాను. మొదట్లో ఎవరైనా దాని పేరెత్తితే నేను అక్కడినుంచి లేచి పోయేదాన్ని. కానీ అక్క మనసు మంచిది. పై ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా, బస్సెక్కి నా దగ్గరికే తెచ్చి చదివించుకుని పోయేది. ఒకసారి చదవడం అయ్యాక నా ముఖం చూసి, "నీకు చదువుండాది, నాకు కాయితముండాది. ఇద్దరినీ కలిపి కుట్టింటే ఒక మంచి ఆఫీసరమ్మ అయ్యిండేదే చెల్లీ" అంది. నవ్వాను. అది పోయాక బస్టాండు నుంచి ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

అందుకే ఆ టీచరమ్మ మీద అంత గొంతు లేచింది. మరునాడు పాపను తీసుకుని హైస్కూలుకు పోయాను. అక్కడినుంచి మండలాఫీసుకు పొమ్మన్నారు. అక్కడ ఒకాయన చాలా మర్యాదగా కుర్చీ వేసి, కంప్యూటరు నా వైపు తిప్పి చూపించి, "మా చేతిలో ఏం లేదమ్మా, పైనుంచి మారాల" అన్నాడు. పైనంటే ఎక్కడప్పా, నేను పోతానన్నాను. ఆయన నవ్వి, కంప్యూటరును మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

మా కాలంలో తప్పు చేసినవాడికి ఒక ముఖం ఉండేది. ఆయన ఇల్లు మాకు తెలుసు, ఆయన నీళ్లు తోడుకునే బావి తెలుసు. ఆయన పట్టీలో ఎక్కడ కలం పెట్టాడో నా కళ్లతో చూశాను. కోపం వస్తే పోయి ఆ గుమ్మం ముందు నిలబడేదాన్ని. పని కాలేదు, నిజమే. కానీ కానిది ఎవరి దగ్గరో తెలిసేది. ఇప్పుడు పిల్లలకు అన్నీ ఉన్నాయి. మిద్దె కారదు, నేల మీద కూర్చోరు, మధ్యాహ్నం అన్నం పెడతారు, పుస్తకాలు కొనే పని లేదు. చూస్తే కడుపు నిండుతుంది. తప్పు జరిగితే మాత్రం ఎవరి వాకిట్లో నిలబడాలో తెలియడం లేదు. అందరూ మంచివాళ్లే, అందరూ కుర్చీ వేసేవాళ్లే.

బడులు తెరిచి నేటికి పదకొండు రోజులు. పాప తాడిపత్రిలో ఇచ్చిన పాత సంచీ తగిలించుకుని రోజూ పోయి వస్తోంది. సాయంత్రం గుమ్మంలోనే ఆపి, నీ పేరు పిలిచారా అని అడుగుతాను. ఈ రోజు అది సంచీ దించి, నా పక్కన కూర్చుని, నా భుజం తట్టి, "ఊరికే యాల కోపం చేసుకుంటావవ్వా, రేపు పిలుస్తార్లే" అంది. పదేళ్ల పిల్ల. ఎవరైనా చూస్తే, ఎంత బుద్ధిమంతురాలని మెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం అది నా మీద గట్టిగా అరిచి ఏడ్చి ఉంటే బాగుండుననిపించింది.