పోపుల డబ్బాలో బీపీ మాత్రలు

నా జీవితంలో నేను నాయకత్వం వహించిన ధర్నా ఒక్కటే. అది చివరికి నా మీదే జరిగింది. కోతలు కోయడం లేదు, సాక్షులున్నారు. తార్నాక నుంచి లాలాపేట్ వెళ్లే రోడ్డులో ఆ రోజు నిలబడి చూసినవాళ్లంతా సాక్షులే. ఇప్పటికీ ఆ వైపు వెళ్లాల్సి వస్తే మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంటాను. ఎవరైనా అడిగితే దుమ్మని చెబుతాను. మీకు మాత్రం అసలు సంగతి చెబుతున్నాను. కడుపారా నవ్వుకోండి, కానీ మా బంధువులెవరికీ మళ్లీ గుర్తు చేయకండి.

తొంభైల మొదట్లో మాట. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం కుర్రాడంటే ఎవరనుకున్నారు? ప్రపంచంలో తెలియనిదంటూ లేనివాడు. రెండో సంవత్సరానికి ఆ జబ్బు కాస్త నెమ్మదిస్తుంది. మాది నంద్యాల పక్క పల్లె. తార్నాకలో మా పెద్దమ్మ లక్ష్మీదేవి ఇంట్లో ఉండేవాణ్ణి. ఆమె యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. పెదనాన్న పోయారు, పిల్లల్లేరు. నన్ను కన్నది మా అమ్మే గానీ, అన్నం పెట్టి, చదివించి, తిట్టి మనిషిని చేసింది పెద్దమ్మ. ఈ ఊళ్లో నాకు ఆమె తప్ప దిక్కు లేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను దాదాపు చంపబోయింది ఆమెనే.

ఆ ఏడాది పెద్దమ్మకి బీపీ ఉందని డాక్టరు తేల్చాడు. రోజూ పొద్దున ఒక బీపీ మాత్ర, ఒక బలం మాత్ర వేసుకోమన్నాడు. అవి తెచ్చే పని నాది. మా వీధి చివర మందుల షాపు సత్తెన్నది. సత్తెన్న ఫార్మసీ చదువుకున్న మనిషి, అసలుది వరంగల్ వైపు. మిగతా షాపులవాళ్లంతా చీటీ తీసుకుని మందులు విసిరేస్తుంటే, ఈయన మాత్రం మందు పేరు కనబడేలా అట్టని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, కాగితం కవర్లో వేసి, కవరు మీద పొద్దుటి మాత్రకి సూర్యుణ్ణి, రాత్రి మాత్రకి చంద్రుణ్ణి గీసేవాడు. అంతటితో ఊరుకుంటాడా? "ఇప్పుడు నువ్వు చెప్పు, ఎట్ల వేసుకుంటవ్?" అని అప్పజెప్పించుకునేవాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్లు గొణుక్కున్నా ఆయనకి పట్టేది కాదు.

నాకు ఒళ్లు మండేది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేవాడికి సూర్యుడి బొమ్మా? ఒకటో తరగతి పిల్లాడిలా పాఠం అప్పజెప్పాలా? అందుకే ఆయన నోరు తెరవగానే "తెలుసు, తెలుసు" అని కవరు లాక్కుని బయటపడేవాణ్ణి.

ఒక శనివారం వెళ్తే, మామూలుగా ఇచ్చే కంపెనీ మాత్రలు లేవు. సత్తెన్న వేరే అట్ట తీశాడు.

"తమ్మి, గా కంపెనీది వస్తలేదు. గిది వేరే కంపెనీది, లోపల మందు మాత్రం గదే. ఇంట్ల పాతవి ఒడిసినంకనే గివి షురూ చెయ్యాలె. ఏం చెప్పిన్నో ఒకసారి చెప్పు."

అదే క్షణంలో చౌరస్తాలో క్యాంపస్ బస్సు మలుపు తిరిగింది. "తెలుసు" అంటూ నేను పరుగెత్తాను. నిజం చెప్పాలంటే 'వేరే కంపెనీ' దగ్గరే నా చెవులు బస్సెక్కేశాయి. మిగతా రెండు వాక్యాలూ సత్తెన్న నా వీపుకి చెప్పాడు.

మర్నాడు ఆదివారం. పెద్దమ్మ మాత్రలన్నీ ఒక క్యారీబ్యాగులో కలగాపులగంగా పడి ఉండడం చూసి నాలోని శాస్త్రజ్ఞుడికి ప్రాణం లేచొచ్చింది. మా లేబొరేటరీలో సీసాలన్నీ వరసగా, చీటీలంటించి ఉంటాయి. ఇంట్లో ఈ అరాచకం ఏమిటి? అటక మీద పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి కనిపించింది, లోపల ఏడు గిన్నెలు. కడిగాను, అంటే కడిగానని అనుకున్నాను. మాత్రలన్నీ అట్టల్లోంచి టపటపా నొక్కి తీసి, రంగుల వారీగా గిన్నెల్లో పోశాను. తెల్లవి ఆవాల గిన్నెలో, గులాబీవి జీలకర్ర గిన్నెలో, పచ్చవి మెంతుల గిన్నెలో. ఖాళీ అట్టలు చెత్తబుట్టలో వేశాను. ఆ తర్వాత గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, వంటింటి గోడకి ఒక పట్టిక అంటించాను: ఉదయం తెల్లది ఒకటి, గులాబీది ఒకటి, పచ్చది ఒకటి. కింద సంతకం కూడా పెట్టాను.

పెద్దమ్మ దాన్ని కిందా మీదా చూసింది. "ఏమిరా రఘూ, నిన్నటిదాకా రెండే కదా మింగుతాండేది? మూడెట్లాయె?"

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తెల్లవాటి పేరు వేరు, గులాబీవాటి పేరు వేరు. అంటే డాక్టరు కొత్త మందు చేర్చాడన్నమాట. నాకంతా తెలుసునని, నిశ్చింతగా వేసుకోమని చెప్పాను. పెద్దమ్మ నమ్మింది. ఆమెకి దేవుడి తర్వాత నా చదువు మీదే గురి.

మంగళవారం ఆఫీసు మెట్ల మీద సగంలో కూర్చుండిపోయిందని ఎవరో చెప్పారు. బుధవారం టేబులు మీద తల వాల్చి పడుకుందట. గురువారం ఏమిటని అడిగితే ఎండ అంది. శుక్రవారం మబ్బు పట్టింది, అయినా ఎండే అంది. శనివారం పొద్దున కుళాయి దగ్గర చేతిలో చెంబు జారిపోయి, గోడ పట్టుకుని అలాగే కిందికి ఒరిగింది. పరుగెత్తి పట్టుకున్నాను. మొహం పాలిపోయింది, చేతులు చల్లగా ఉన్నాయి.

ఇక్కడ ఒక్కసారి ఆగండి. కన్నతల్లి లాంటి మనిషి కళ్లు తిరిగి పడబోతే, బుర్ర ఉన్నవాడు ఏం చేస్తాడు? ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. నేనేం చేశాను? గోడ మీది పట్టిక చూశాను. పట్టికలో తప్పు లేదు, ఉండదు కూడా, గీసింది నేను కదా! కాబట్టి తప్పు మందులోనే ఉండాలి. కల్తీ. ఆ సత్తెన్న కల్తీ మాత్రలు అంటగట్టాడు. ఆ రోజుల్లో మా క్యాంపస్‌లో ఏ రోగానికైనా మందు ఒకటే, ధర్నా. పరీక్షలు ముందుకి జరిపితే ధర్నా, వెనక్కి జరిపితే ధర్నా, సాంబారు పలచనైతే ధర్నా. పెద్దమ్మని మంచం మీద పడుకోబెట్టి, ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి, హాస్టల్లో ఉండే మా క్లాసు మల్లేశ్‌కి ఫోను చేశాను. మల్లేశ్‌ది నల్గొండ వైపు, ధర్నాల్లో చేయి తిరిగినవాడు. సంగతి సగం విని, "ఫికర్ జెయ్యకు భాయ్, అరగంటల గాడ ఉంటం" అన్నాడు.

అన్నట్టే పద్నాలుగు మంది వచ్చారు. తొందరలో కొత్త బ్యానర్ రాయడం కుదరలేదని కిందటి వారంది తెచ్చారు. దాని మీద 'సాంబారులో పప్పు వేయాలి' అని పెద్ద అక్షరాల్లో ఉంది. పర్వాలేదు, ఆవేశం ముఖ్యం. నేను పెద్దమ్మని రిక్షాలో ఎక్కించి, ఒళ్లో పోపుల డబ్బాతో, పక్కన మడత కుర్చీతో బయల్దేరాను. ఆమె నీరసంగా ఎక్కడికిరా అని అడిగింది. మందుల షాపుకి అన్నాను. "మంచి పని చేసినావు నాయనా. సత్తెన్నని అడిగితే చెప్తాడు" అంది. పాపం, అడగడానికే తీసుకెళ్తున్నాననుకుంది.

షాపు ముందు కుర్చీ వేసి పెద్దమ్మని బాధితురాలిగా కూర్చోబెట్టాను. "కల్తీ మందులు అరికట్టాలి" అని మల్లేశ్ ఎత్తుకుంటే పద్నాలుగు గొంతులు అందుకున్నాయి. మెడికల్ షాపు డౌన్ డౌన్ అన్నారు. బస్సులు ఆగాయి. ఇరానీ హోటల్లోవాళ్లు చాయ్ కప్పులతో సహా బయటికొచ్చారు. నేను చేయి పైకెత్తి, జీవితంలో మొదటిసారి నాయకుడిలా నిలబడ్డాను. ఎంత బాగుందో చెప్పలేను.

సత్తెన్న బయటికి వచ్చాడు. మా వైపు గానీ, బ్యానర్ వైపు గానీ చూడలేదు. నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, పెద్దమ్మ మణికట్టు పట్టుకుని గడియారం చూసుకున్నాడు. ఆయన మొహం చూసి మావాళ్ల నినాదాలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి.

"అమ్మా, ఎప్పటి సంది గిట్లున్నది?"

"సోమారం నుంచి తల తిరుగుతాండాది నాయనా."

"పొద్దుగాల ఏమేం గోలీలు వేసుకుంటున్నవో జర నాకు చూపెట్టు."

సాక్ష్యం బయటపెట్టే సమయం వచ్చిందని నేను ఠీవిగా డబ్బా మూత తీశాను. గుప్పుమని పోపు వాసన కొట్టింది. నేను సరిగా కడగని పసుపు అంటుకుని తెల్ల మాత్రలు కూడా సగం పచ్చబడ్డాయి. పెద్దమ్మ మూడు గిన్నెల్లోంచి మూడు మాత్రలు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. సత్తెన్న అట్టలేవని నన్ను అడిగాడు. పారేశానన్నాను. ఆయన లోపలికి వెళ్లి, ఎక్కడో మిగిలిన పాత కంపెనీ అట్ట ముక్క ఒకటి, కొత్త కంపెనీ అట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చదువు తమ్మి. పెద్దక్షరాలు కాదు, కింద సన్నయి."

చదివాను. మొదటిదాని మీద 'అటెనొలాల్' అని ఉంది. రెండోది తిప్పాను. దాని మీద కూడా 'అటె' వరకు చదివి ఆగిపోయాను. మిగతాది చదవాల్సిన అవసరం రాలేదు.

"ఒక్కటి వేసుకోవాల్సిన మనిషికి ఆరు దినాల సంది రెండేసి ఇచ్చినవ్. గుండె కొట్టుకునుడు మస్తు తగ్గింది" అన్నాడు సత్తెన్న. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, ఇన్ని రోజులుగా తల తిరుగుతుంటే ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

పెద్దమ్మ నా వైపు ఓరగా చూసి, చాలా చిన్నగా అంది: "ఆ మాత్రలు మింగినప్పుడే అయితాండాదని నాకు తెలుస్తానే ఉండాది నాయనా. కానీ వాడు ఆదివారమంతా కూచోని గీతలు గీసినాడు. చెప్తే వాడి మనసు నొచ్చుకుంటాదని ఊరకున్యా."

సిగ్గుతో చచ్చిపోయాను అంటుంటారే, నేను చావలేదు, అదే నా బాధ. పద్నాలుగు మంది స్నేహితుల మధ్య, సాంబారు బ్యానర్ కింద, రెండు అట్టలు పట్టుకుని నిలబడి ఉన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదంతా నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఒక్క మాట దగ్గర నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

సత్తెన్న పెద్దమ్మని లోపల బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద అట్టపెట్టె ఎత్తు పెట్టాడు. డాక్టరు చెప్పేదాకా ఇంకో మాత్ర ముట్టవద్దన్నాడు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు రెండింతలు పడిందో ఒక చీటీ మీద రాసి, ఆటో ఆపి, చీటీ నా చేతికిచ్చాడు. "గిది డాక్టర్ చేతిల వెట్టు. నువ్వేం చెప్పకు" అన్నాడు.

ఆటో కదిలింది. వెనకాల మల్లేశ్ గొంతు వినిపించింది. ఇంతదూరం వచ్చినంక ఉత్తగ పోతే ఏం బాగుంటదని మావాళ్లకి నచ్చజెబుతున్నాడు. మరుక్షణం పద్నాలుగు గొంతులు ఒక్కటై, "రఘు డౌన్ డౌన్" అన్నాయి. ఇరానీ హోటల్ చాయ్ కప్పులు కూడా గొంతు కలిపాయి. ఆటోలో నా భుజం మీద తల ఆనించుకున్న పెద్దమ్మ, రఘు అంటే నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. "గొంతులు బాగుండాయిలే" అంది.

డాక్టరు చీటీ చదివాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అసలు నేనున్నట్టే గుర్తించలేదు. సాయంత్రం దాకా పెద్దమ్మని అక్కడే ఉంచుకుని చూసి, నాడి తేరుకున్నాక, మాత్రలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాసిచ్చి పంపాడు. రెండు రోజులకి ఆమె లేచి నన్ను తిట్టింది. ఆ తిట్లు విని నేను పొందిన ఆనందం ఏ పరీక్ష పాసైనప్పుడూ పొందలేదు.

సోమవారం క్షమాపణ చెప్పుకోవడానికి సత్తెన్న దగ్గరికి వెళ్లాను. షాపు ముందు జనం. కల్తీ అని గొడవ చేయడానికి వచ్చారేమోనని కాస్త దూరంలోనే ఆగిపోయాను. కాదు. ధర్నా చూసినవాళ్లంతా ఇళ్లలో ఉన్న మాత్రలన్నీ సంచుల్లో వేసుకుని చూపించుకోవడానికి వచ్చారు. ఒకావిడ తన మాత్రలనుకుని భర్త షుగరు మాత్రలు మింగుతోంది. ఒక ముసలాయన ఒకే నొప్పి మాత్రని రెండు పేర్లతో వాడుతున్నాడు. సత్తెన్న ఒక్కొక్కరిదీ విప్పి, చూసి, సూర్యుళ్లు చంద్రుళ్లు గీసి, మళ్లీ అప్పజెప్పించుకుంటున్నాడు. నన్ను చూడగానే రమ్మని పిలిచి గల్లాపెట్టె పక్కన నిలబెట్టాడు. నా క్షమాపణ విననే లేదు. ఎవరైనా మందు పేరు తెలియలేదని సిగ్గుపడితే, నా భుజం తట్టి ఎంతో ఆప్యాయంగా ధైర్యం చెబుతున్నాడు: "ఏం కాదమ్మా, గీ తమ్మి ఎమ్మెస్సీ. గీయననే పొరపాటు చేసిండు, మనమెంత?" మధ్యాహ్నం ఒంటిగంట దాకా నన్ను కదలనివ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, తూర్పు తిరిగి, పెద్దమ్మ ఎదుట చేయి చాచి ప్రమాణం చేశాను. ఈ దేహంలో ప్రాణం ఉండగా ఏ మాత్రనీ అట్టలోంచి ముందుగా ఊడదీయను. మందు పేరు కింద సన్న అక్షరాలు చదవకుండా ఎవరి చేతిలోనూ పెట్టను. మందులిచ్చే మనిషి మాట్లాడుతుంటే, బస్సు కాదు కదా, పుష్పక విమానం వచ్చి ఆగినా కదలను. తెలియనిదాన్ని తెలుసునని అనను.

పెద్దమ్మ అంతా శ్రద్ధగా విని, తల ఊపి, "బాగుండాది. పోయి సత్తెన్నకి ఒకసారి అప్పజెప్పి రా. ఆయన సరే అంటే నేనూ నమ్ముతా" అంది.