టీవీలో తగ్గని నీళ్లు

మా ఇంట్లోంచి వరద వెళ్లిపోయాక కూడా టీవీలో మాత్రం చాలా రోజులు ఉంది.

మాది మంచిర్యాలలో గోదావరికి దగ్గరి వాడ. ఆ ఏడు గోదావరి నిండుగా పారి, తనలో కలవాల్సిన వాగును వెనక్కి నెట్టింది. వాగు మా గల్లీలోకి వచ్చింది. భగవంతుడి దయ, వచ్చింది పట్టపగలు. అత్తమ్మనూ బియ్యం సంచులనూ పక్కింటి మేడ మీదికి చేర్చగలిగాం. చివరికి దేవుని పటం కోసం నేనొక్కదాన్నే మళ్లీ దిగాను. పటం నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్లలో వస్తుంటే టీవీవాళ్లు ఎదురయ్యారు.

"అమ్మా, సర్వం కోల్పోయారు కదా, మీ ఆవేదన ఏమిటి?" అని మైకు పట్టుకున్నతను అడిగాడు.

"ఏం కోల్పోలే బిడ్డా. అందరం పానాలతోని ఉన్నం. దేవుని దయ."

అతను మైకు కిందికి దించాడు. దించగానే మాటతీరులో మా పక్క మనిషైపోయాడు. "గట్లంటే ఎవరు చూస్తరమ్మా? జర ఏడ్వరాదు."

"ఏడుపు వస్తలేదు బిడ్డా."

"పోనీ, గా మూల నుంచి మళ్లొక్కసారి నడిచి రా. ఏం మాట్లాడకు."

పాపం, పొద్దటి నుంచి వానలో తడుస్తున్నాడు. కాదనలేకపోయాను. పటంలోని స్వామి నాతోపాటు రెండోసారి ఊరేగాడు.

మరునాటికి నీళ్లు తీశాయి. బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, దీపం పెట్టాను. ఇంకా తడి ఆరలేదని అత్తమ్మ మేడ మీదే ఉంది. మా టీవీ నానిపోయింది కాబట్టి నా సంగతి నాకే తెలియదు. పక్కింటామె, బొగ్గుబాయిలో పనిచేసే ఆయన భార్య, పైనుంచి కేకేసింది.

"అక్కా, ఉరికి రా! నువ్వింక నీళ్లల్లనే ఉన్నవ్!"

చీపురుతోనే మెట్లెక్కాను. టీవీలో నేను నడుస్తున్నాను, వెనక ఏడుపు సంగీతం. నేను బడికి పోలేదు. బాపు ఇంట్లో దిద్దించిన అక్షరాలతోనే కింది వరుస కూడబలుక్కున్నాను. 'సర్వం కోల్పోయిన తల్లి' అని ఉంది. పైన మూలకు 'లైవ్' అని ఉంది.

"కొంగు సక్కగ కప్పుకోవద్దా, లోకమంత చూడవట్టె" అంది అత్తమ్మ.

నవ్వుకుంటుండగానే ఫోను మోగింది. మా ఆయన, దుబాయి నుంచి. ఏళ్ల తరబడి తిరిగితే దొరికిన పని అది. మధ్యలో వదిలి వస్తే మళ్లీ తీసుకోరు.

"యాడున్నవ్?"

"ఇంట్లనే. నీళ్లు తీసినయి. మంచిగున్నం, దేవుని దయ."

"అబద్ధం. గిప్పుడే చూసిన, నడుము దాక ఉన్నయి. లైవ్ అని రాసుంది."

"అది నిన్నటిదయ్యా." వీడియోలో చూపిద్దామంటే బొమ్మ బిగుసుకుపోయింది, గొంతు తప్ప ఏమీ రాలేదు.

"నీకు టైఫాయిడ్ వచ్చిన్నాడు గూడ మంచిగున్న అన్నవ్. గాలికి రేకులు లేసిపోతె గూడ దేవుని దయ అన్నవ్. నిన్నెట్ల నమ్మాలె? నేను వస్తున్న. సేటుకు చెప్పిన. సాయంత్రం టికెట్ తీస్కుంట."

వస్తే ఆ పని పోయినట్టే. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. టీవీవాళ్లు ఏం జరిగినా ఘోరం అంటారు, నేను ఏం జరిగినా దయ అంటాను. ఇద్దరిలో బొమ్మ చూపించినవాళ్లను నమ్మాడు. దయ అన్నకొద్దీ ఆయన ఇటే వచ్చేట్టున్నాడు. మనసులో స్వామికి దండం పెట్టుకుని, ఎన్నడూ చేయని పని చేశాను.

"మంచిగ లేం," అన్నాను. "దర్వాజ ఉబ్బింది, మూతపడ్తలేదు. నీ పెండ్లి సూటు బురదల పండింది. ఉతికి ఉతికి నా నడుము పోయింది. గీ వాసనకు బువ్వ నోట్లెకు పోతలేదు. ఇగ నిన్ను గన్న మీ అవ్వ! పక్కింటోళ్ల చాయ్‌ల చక్కెర తక్కువున్నదని వచ్చినోళ్లందరికి చెప్తున్నది. నేను మొఖం ఎట్ల చూపెట్టాలె?"



"అవ్వ చక్కెరకు లొల్లి పెడ్తున్నదా?"

"పొద్దటి సంది."

ఆయన నవ్వాడు. వరద మొదలైనప్పటి నుంచి ఆ నవ్వు వినలేదు. "అయితె నిజంగనే మంచిగున్నరు. ఇగ టికెట్ గికెట్ ఏం లేదు. సేటుకు చెప్పుకుంట తియ్యి. నేను డ్యూటీకి పోతున్న."

అమ్మయ్య అనుకోవాల్సిందే, అనుకున్నాను కూడా. కానీ కష్టం చెప్పుకున్న ఆ మాటల రుచి అప్పుడే నాలుకకు తగిలింది.

"ఆగు," అన్నాను. "నీళ్ల మోటర్ కరాబైన సంగతి ఇంక చెప్పనే లేదు."