కడుపులో దాచుకునే ఫోను

మహారాష్ట్రలో, చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ పక్కనున్న బొగ్గు గనిలో ల్యాంపు రూం సమ్మక్కది. గనిలోకి దిగే ప్రతివాడూ ముందు ఆమె కిటికీ దగ్గరికి రావాల్సిందే. జేబులోని ఫోను ఆమె చేతిలో పెట్టాలి, నెత్తికి తగిలించుకునే దీపం ఆమె చేతి నుంచి తీసుకోవాలి. కింద గ్యాసు ఉంటుంది కాబట్టి ఫోన్లను దిగనివ్వరు. షిఫ్టుకు నూటయాభై ఫోన్లు గోడ గూళ్లలో బోర్లా పడుకుంటాయి. మోగుతాయి, వెలుగుతాయి, ఒక్కోటి వణికీ వణికీ గూటి అంచుదాకా వస్తే సమ్మక్క దాన్ని వెనక్కి తోస్తుంది. అంతే. ఎవరికి ఎవరు ఫోన్ చేశారో, ఎవరింట్లో ఏం కొట్లాట నడుస్తోందో ఆమెకు పట్టదు. భర్త సారయ్య పోయాక ఆయన బదులు ఇచ్చిన నౌకరీ ఇది. పదకొండేళ్లలో ఒక్క ఫోను కూడా తిప్పి చూడలేదు. అలాంటి మనిషి సొంత ఫోనుకే గుట్టు లేకుండా పోయింది.

ఆ ఫోను కొడుకు అక్షయ్ కొనిచ్చింది. అతనూ అదే గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. రెండేళ్ల కింద దసరాకు, పాపం, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది చూసి కొన్నాడు. తల్లి మీద ప్రేమ చిన్నగా కనపడకూడదు గదా! సమ్మక్క నడుముకు దోపుకునే వక్కల సంచిలో అది పట్టలేదు. అంట్లు తోముతూ చేత్తో పట్టుకోలేదు గనక టీవీ పక్కనే పడి ఉండేది, వచ్చేపోయేవాళ్లందరికీ అందుబాటులో. పైగా అమ్మకు ఇవన్నీ తెలియవని తన పేరుతోనే, తన అకౌంటుతోనే దాన్ని మొదలుపెట్టి ఇచ్చాడు. ఇంట్లో టీవీకీ అదే అకౌంటు. దానివల్ల ఏమవుతుందో ఆమెకు తెలియదు, అతను ఆలోచించలేదు.

సమ్మక్క చదువు నాలుగో తరగతి, అదీ మరాఠీలో. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని వీడియోల్లో మైకు బొమ్మ నొక్కి నోటితోనే అడిగేది. మోకాళ్లకు ఏం రాసుకోవాలి, జాతర ఎప్పుడు, ఇలాంటివే. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి ఒకటి అడిగింది.

"మొగని బదులు నౌకరి చేసే ఆడది మళ్ల పెండ్లి చేసుకుంటే నౌకరి తీసేస్తరా?"

కారణం అనంతరావు. అదే గనిలో ఓవర్‌మన్‌గా, అంటే కింద పని చేయించే పెద్దగా, చేసి రిటైరయ్యాడు, బల్లార్‌పూర్‌లో ఉంటాడు, భార్య పోయి నాలుగేళ్లు. పోయిన నెల వంకరటింకర లేకుండా అడిగాడు, మిగిలిన రోజులు కలిసి బతుకుదామా అని. సమ్మక్క అవుననలేదు, కాదనలేదు. బియ్యంలో పెట్టిన మామిడికాయలా ఆ మాటను మగ్గనిస్తోంది. యాభై నాలుగేళ్లకు తనకంటూ ఒక ఆలోచన ఉండటం ఆమెకే కొత్త. దాన్ని ఎవరికీ చూపించాలనిపించలేదు.

కానీ ఆ ప్రశ్న తెలుగు అక్షరాలై టీవీలో, ఇంతకుముందు అడిగినవాటి వరసలో, వారం రోజులు కూర్చుంది. అక్షయ్, కోడలు అర్చన ఇద్దరూ మరాఠీ బళ్లో చదివినవాళ్లు. వాళ్ల కళ్లకు అవేవో ముగ్గులు. ఆదివారం మంచిర్యాల నుంచి సారయ్య అన్న లచ్చయ్య వచ్చాడు. అక్షయ్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. పెద్దాయన కోసం భజనలు పెడదామని అర్చన టీవీలో వెతకబోయింది. లచ్చయ్యకు తెలుగు బాగా వచ్చు. బస్సు బోర్డు కనపడినా పైకి చదవందే ఊరుకోడు. దీన్నీ చదివేశాడు, గట్టిగా, చివరిదాకా.

అర్చన కంగారుగా ఏదో మీట నొక్కింది. అది తప్పు మీట, అక్షరాలు తెర మీదే ఉండిపోయాయి.

"ఎవలడిగిన్రు గిది?" అన్నాడు లచ్చయ్య.

సమ్మక్కకు తల కొట్టేసినట్టయింది. "చాయ్ పెడ్త బావా" అంటూ వంటింట్లోకి పోయింది. తప్పు చేసినప్పుడు పడే సిగ్గు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. స్నానం చేస్తుండగా ఎవరో తలుపు తీసినట్టుంది.

వారపు సెలవు రోజున ఆమె చంద్రపూర్ వెళ్లి గోల్ బజార్‌లో ఫోన్ల దుకాణాలు తిరిగింది. మూడు దుకాణాల్లో నవ్వి పంపారు. నాలుగోది శ్రావణ్‌కుమార్‌ది, తాతల నాడు కరీంనగర్ నుంచి వచ్చిన వ్యాపారుల ఇంటివాడు.

"ఎసొంటిది గావాలె అక్కా?"

"నా వక్కల సంచిల పట్టాలె తమ్మీ. నేను చెప్పింది కడుపుల దాసుకోవాలె."

"మొదటిదే కష్టం. చిన్నయి ఇప్పుడెవలు చేస్తున్నరు? అందరికి సినిమాలు సూసుడే పని."

"మరి రెండోది?"

"పాత ఫోను ఎవలి పేరు మీదున్నది?"

"నా కొడుకు."

"గదే మరి. లోపట కొడుకు కూసున్నడు. నువ్వేమన్నా ఆయనకే పోతది."

శ్రావణ్‌కుమార్ అర నుంచి ఒక చిన్న ఫోను తీశాడు. ఎవరో వాడి తిరిగిచ్చింది, ఒక మూల గీత పడింది. సమ్మక్క దాన్ని అక్కడికక్కడే సంచిలో వేసి నడుముకు దోపుకుని, కూర్చుంది, వంగింది, లేచింది. పట్టింది! అతను ఆమె పేరుతో కొత్త అకౌంటు తెరిచాడు. ఆమె గొంతు ఎక్కడ నిలవ ఉంటుందో, ఎవరెవరు చూడగలరో వెతికి, ఒక్కొక్కటే మూసేశాడు.

"పూర్తిగ గుట్టుగుండే ఫోను యాడ లేదక్కా. తలుపైతే పెట్టినం," అన్నాడు. తర్వాత తాళం అంకెలు పెట్టుకోమని ఫోను ఆమె చేతికిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సమ్మక్కకు ఏడుపొచ్చింది. ఆమె కోసం ఎవరైనా ముఖం తిప్పుకోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి అక్షయ్ తిని కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి ఫోను తీయగానే చూశాడు.

"గింత చిన్నదా! ఇటియ్యి అమ్మా, నా అకౌంటు ఏస్త. ఫోటోలు పోకుంట ఉంటయ్," అని చేయి చాచాడు. అతని గొంతులో కుట్రేమీ లేదు, ఉన్నదల్లా అలవాటు.

"వద్దు బిడ్డా."

"లాకు నంబరన్న చెప్పు. నీకేమన్న అయితే?"

"ఏమన్న అయితే పలగ్గొట్టు."

"నా దగ్గర దాసుడేందమ్మా?"

"ఆరేండ్ల సంది రోజూ నీ ఫోను నా చేతుల పెడ్తున్నవ్. నీ కన్నతల్లినే గద, ఒక్కసారన్న మళ్లేసి సూసిన్నా?"

అర్చన వంటింటి గడపలోనే ఆగిపోయింది. చివరికి, ఆదివారం నుంచి అడగలేకపోతున్న మాట అక్షయ్ నేల చూస్తూ అడిగాడు.

"అయితే... చేసుకుంటవా?"

"ఏమో బిడ్డా. నాకే ఇంకా తెల్వది," అంది సమ్మక్క. కోపంగా అని ఉంటే అతను తట్టుకునేవాడు. "నాకు తెల్వకముందే మీకందరికి తెల్సింది. గదే నా బాధ."

అతని చేయి ఇంకా చాచే ఉంది. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.